పచ్చళ్ళ గది
పదకొండవ భాగం

సెప్టెంబరులో రెండు సూట్‌కేసులతో పరాయి దేశంలో వాటర్లూ ఊరు చేరి, గది దొరక్క ఏడుస్తూ గుమ్మంలో నిలబడ్డ స్వీటీకి పాండురంగ, శ్యామల దంపతులు తమ ఇంట్లో చోటిచ్చారు. బేస్‌మెంట్‌లో ఉన్న రెండు గదుల్లో అప్పటికే ముగ్గురమ్మాయిలు సర్దుకున్నారు. మిగిలింది ఇంటి ముందు మెట్ల కింద, పచ్చళ్ళూ బియ్యం బస్తాలూ దాచుకునే కోల్డ్ రూమ్. నెల రోజులకే అన్న ఏర్పాటు నవంబరు చివరి దాకా వచ్చింది. పోయిన వారం మనం ఆగింది, ఆ గదిలోంచి స్వీటీ దగ్గు మొదటిసారి పై అంతస్తు దాకా వినపడిన చోట.

"మళ్ళీ తగిలింది!"

పాండురంగ కుర్చీలో సగం కూర్చుని ఎడమకాలి బొటనవేలు పట్టుకున్నాడు. డైనింగ్ టేబుల్ కింద ఆవకాయ జాడీ మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంది. దాని పక్కన మాగాయ, ఆ పక్కన గోంగూర, చింతకాయ. నాలుగింటికీ తెల్లటి గుడ్డతో వాసెన కట్టి ఉంది.

"కాళ్ళు మీ కుర్చీ కిందే ఉంచుకుంటే తగలదు," అంది శ్యామల, ఉప్మా వడ్డిస్తూ.

"డైనింగ్ టేబుల్ ఉన్నదే కాళ్ళు చాపుకోడానికి. వీటిని గరాజ్‌లో పెట్టొచ్చుగా?"

"గరాజ్‌లో గడ్డకడతాయి. పోయినేడు నిమ్మకాయ పెట్టి చూశారుగా మీ ప్రయోగం."

"ఫ్రిజ్‌లో పెట్టు."

"నూనె పేరుకుపోతుంది."

"పేరుకుంటే కరిగించుకు తిందాం. కొంపేం మునుగుతుంది?"

"ఆవకాయ కరిగించుకు తినే అలవాటు మా ఇంట లేదు."

"మా ఇంట పచ్చడికి కాలు తగిలించుకునే అలవాటూ లేదు. ఎక్కడైనా దాని చోట అది ఉంటే..."

అని, పాండురంగ ఆగిపోయాడు. దాని చోట ఇప్పుడు ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు. నేల మీద వేడిగాలి వచ్చే జాలీలోంచి సరిగ్గా అప్పుడే దగ్గు వినపడింది. మొదట పొడిగా రెండుసార్లు. తర్వాత ఆగకుండా, ఎవరో మూట దులుపుతున్నట్టు.

వాళ్ళ కూతురు అమృత చెంచా పట్టుకుని జాలీ వంక చూసింది. ఆ పిల్లకి పదేళ్ళు. ఐదో తరగతి.

"క్లినిక్‌కి వెళ్ళమన్నావా?" అన్నాడు పాండురంగ, గొంతు తగ్గించి.

"నిన్న చెప్పాను. షిఫ్ట్ ఉందంది. పారాసెటమాల్ ఇచ్చాను."

"అమ్మా, బస్ ఎట్ ఎయిట్ ఫార్టీ," అంది అమృత. "యూ ప్రామిస్డ్. యూ ఆర్ ద వాలంటీర్."

క్లాసు పిల్లల్ని ఆ రోజు పక్క కౌంటీలోని మ్యూజియానికి తీసుకెళ్తున్నారు. వంద, నూటయాభై ఏళ్ళ కిందట దిక్కులేనివాళ్ళని ఉంచిన పేదల ఇల్లు అది. తోడు రావడానికి ముగ్గురు తల్లిదండ్రులు కావాలన్నారు. కాలేజీలో చరిత్ర చదువుకున్న శ్యామల అందరికన్నా ముందు పేరిచ్చింది.

కోటు వేసుకుంటుండగా బేస్‌మెంట్ తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఆ తలుపు మీద శ్యామల టైపు చేసి, లామినేట్ చేయించిన కాగితం ఉంది. పద్నాలుగు నియమాలు. వంటింటి వేళలు ఆరు నుంచి ఎనిమిది. స్నానం పది నిమిషాలు. బట్టలు ఆదివారం. బయటివాళ్ళు రాకూడదు. హీటరూ రైస్ కుక్కరూ ఒకేసారి పెట్టకూడదు. పద్నాలుగోది ఆమె రెండు రోజులు ఆలోచించి రాసింది: ఇది మా ఇల్లు, అభిమానంతో చోటిచ్చాము, ఆ సంగతి గుర్తుంచుకోగలరు. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

తలుపు సందులో స్వీటీ ముఖం కనిపించింది. జాకెట్ మెడదాకా జిప్ చేసుకుని, పైన శాలువా కప్పుకుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"ఆంటీ, బయటికి పోతున్నరా? జర హీట్ పెంచుతరా? రాత్రి గోడకెల్లి నీళ్ళు కారినయ్."

శ్యామల చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. మంగళసూత్రం గొలుసుకి ఎప్పుడూ ఉండే రెండు పిన్నీసుల్లో ఒకదానికి చిన్న తాళంచెవి వేలాడుతుంటుంది. గోడమీది థర్మోస్టాట్‌కి బిగించిన ప్లాస్టిక్ పెట్టెది. ఆ పెట్టె ఎవరూ వేడి పెంచకుండా పాండురంగ తెచ్చాడు. తాళంచెవి శ్యామల దగ్గరుంటేనే భద్రమన్నాడు.

"ఇరవై డిగ్రీల మీదే ఉందమ్మా. ఎంత పెంచినా ఆ గదిలోకి రాదు, దానికి వేడిగాలి డక్ట్ లేదు కదా. హీటర్ ఇచ్చానుగా?"

"పెడితే బ్రేకర్ పడి కరెంట్ పోతది ఆంటీ. పక్కగదుల వాళ్ళు వండుకునే టైమ్ అది. వాళ్ళను ఆపమంటే బాగుండదు."

"ఈ రోజు షిఫ్ట్ లేదా?"

"పోలేను. పండుకుంట." నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి జారిపోయింది. "మేనేజర్ ఖుషీ అయితడు. నా జాకెట్లకెల్లి ఊరగాయ వాసనొస్తదని ఒకటే గొణుగుడు."

"సాయంత్రం వచ్చాక చూద్దాం," అంది శ్యామల. బస్సుకి పన్నెండు నిమిషాలే ఉంది.

మ్యూజియం ఊరి బయట మిట్ట మీద, బూడిదరంగు రాతితో కట్టిన మూడంతస్తుల భవనం. చుట్టూ ఆకులు రాలిన మేపుల్ చెట్లు. పైన కిటికీలు చిన్నవి, అన్నీ ఒకే వరసలో. పిల్లలు బస్సు దిగి మంచు ముద్దలు విసురుకుంటూ మెట్ల దాకా వచ్చారు. అక్కడికి వచ్చాక ఎవరూ చెప్పకుండానే నెమ్మదించారు.

లోపల ఈలీన్ అనే పెద్దావిడ ఎదురొచ్చింది. తెల్లజుట్టు, చేతిలో అట్టముక్కలు. ఒక్కొక్క అట్టముక్కకీ తాడు కట్టి ఉంది.

"ఇవి ఈ ఇంట్లో నిజంగా ఉన్న మనుషుల పేర్లు," అంది పిల్లలతో. "ఈ పూటంతా మీరు వాళ్ళే. రిజిస్టర్‌లో వాళ్ళ గురించి రాసింది రాసినట్టు వెనకాల ఉంది. చివరి గడి మాత్రం ఖాళీ. అదేమిటో తర్వాత చెప్తాను."

అమృత తన అట్టని తల్లికి చూపించింది. ఎల్లెన్ మార్ష్. వయసు పంతొమ్మిది. ఇళ్ళలో పనిమనిషి. ఆరోగ్యం: దగ్గు. ఇక్కడికి రావడానికి కారణం: ఉండడానికి చోటు లేదు.

"ఇక ఈ ఇంటి అజమాయిషీకి ఒక మేట్రన్ కావాలి," అంది ఈలీన్. మిగతా ఇద్దరు తల్లులూ వెంటనే ఫోన్లలోకి తలలు వంచారు. టీచరు మిస్ బ్రెన్నన్ శ్యామల వైపు చూసి నవ్వింది.

గంజిపెట్టిన తెల్ల ఏప్రన్, తల మీద టోపీ, నడుముకి నాలుగు తాళంచెవుల గుత్తి. ఏప్రన్ ముడి వేస్తూ ఈలీన్ కళ్ళు శ్యామల మెడ మీద నిలిచాయి.

"మీ తాళంచెవి మీరే తెచ్చుకున్నారే!"

"అది లాకర్‌ది," అంది శ్యామల. ఆ అబద్ధం ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియలేదు.

చదవమని ఒక కాగితం ఇచ్చారు. ఇల్లు తెరిచిన ఏడాది గోడకి అంటించిన నియమాలట. పిల్లలు రెండు వరుసల్లో మంచాల పక్కన నిలబడ్డారు. ఇంకా ఎవరో కిసుక్కుమంటున్నారు. శ్యామల గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచదు. ఇంకొంచెం తగ్గించింది.

"ఒకసారే చెప్తాను. వేళ దాటి వచ్చినవారికి భోజనం లేదు. దీపం తొమ్మిదికి ఆర్పాలి. స్నానం శనివారం, పిలిచిన వరుసలో. బయటివారిని లోపలికి తీసుకురాకూడదు."

నవ్వులు ఆగిపోయాయి. చదువుతూ ఆమె మంచాల మధ్యన నడిచింది. ఒక దుప్పటి అంచు వేలాడుతుంటే ఆగి, ఆ పిల్లవాడి ముఖంలోకి చూసింది. వాడు గబగబా సర్దాడు. కిటికీ గట్టు మీద చూపుడువేలు రాసి, వేలి కొన చూసుకుని, ఏమీ అనకుండా ముందుకి నడిచింది. ఇవేవీ కాగితంలో లేవు.

"ఆఖరిది. ఇక్కడ దొరికే ఆశ్రయం దయతో ఇచ్చినది. ఆ సంగతి ప్రతివారూ గుర్తుంచుకోవాలి."

ఆ వాక్యం చదివాక శ్యామల ఆగింది. కాగితం మళ్ళీ చూసింది. ఉన్నదే చదివింది.

వరస చివర అమృత, మెళ్ళో అట్టతో, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. మిగతా పిల్లల్లా ఆశ్చర్యంగా చూడటం లేదు. ఆ గొంతు ఆ పిల్లకి అలవాటే. బేస్‌మెంట్ తలుపు దగ్గర వినేదే.

"ఇరవై ఏళ్ళుగా ఈ పాత్ర చేయిస్తున్నాను," అంది ఈలీన్, తర్వాత మెల్లిగా. "ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు. మీరు నాటకాల్లో వేషాలు వేస్తారా?"

"లేదు. ఇంట్లోనే ఉంటాను."

వంటశాల, చాకిరేవు గది, మగవాళ్ళు రాళ్ళు కొట్టిన పెరడు చూశాక, ఈలీన్ అందరినీ కిందకి తీసుకెళ్ళింది. ముందుగుమ్మం మెట్ల సరిగ్గా అడుగున ఒక మందపాటి చెక్క తలుపు ఉంది. గడియ బయటి వైపు.

"మొదట ఇది కూరగాయలు దాచుకునే గది," అంది ఈలీన్. "బంగాళాదుంపలు, పీపాల్లో ఉప్పులో ఊరేసిన క్యాబేజీ. తర్వాత ఒక చలికాలం ఇల్లు నిండిపోయింది. ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు. మంచులోకి పొమ్మనలేక, పీపాలు పైకి చేర్చి ఇక్కడ మంచాలు వేశారు. దగ్గు ఉన్నవాళ్ళని ఎక్కువగా ఇక్కడే ఉంచేవారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. వాళ్ళ ఉత్తరాలు నేను చదివాను. తాము చాలా మంచిపని చేస్తున్నామనే అనుకున్నారు."

శ్యామల లోపలికి తొంగిచూసింది. నాలుగు వైపులా రాయి. కిటికీ లేదు. పైన మూలల్లో గాలి కోసం రెండు గొట్టాలు. గోడ మీద చెమట పట్టినట్టు నీటిబొట్లు. తన ఇంట్లో రాయి స్థానంలో కాంక్రీటు. అంతే తేడా. సెప్టెంబరులో తను డెట్టాల్ వేసి ఆ నేల రెండుసార్లు కడిగింది. అరల మీద కొత్త కాగితం పరిచింది. అంత శుభ్రంగా ఇచ్చానని నలుగురికీ చెప్పుకుంది కూడా.

"దగ్గు అని రాసి ఉన్నవాళ్ళు లోపలికి రండి. ఒక్క నిమిషం. భయమేస్తే తలుపు తట్టండి. మేట్రన్ గారూ, తాళం వెయ్యండి."

ఐదుగురు వెళ్ళారు. అమృత చివర. శ్యామల తలుపు మూసి, తాళంచెవి తిప్పింది. మొదట లోపలినుంచి ఇకిలింపులు వినిపించాయి. ఎవరో దయ్యంలా అరిచారు. తర్వాత ఏమీ లేదు. బయట పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. ఈలీన్ గడియారం చూసి తల ఊపింది.

శ్యామల గుత్తిలోంచి ఒక తాళంచెవి పెట్టి తిప్పింది. తిరగలేదు. గుత్తిలో నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయి. ఇంకోటి పెట్టింది. అది సగం తిరిగి బిగుసుకుంది. లోపల ఎవరూ తలుపు తట్టడం లేదు. తడితే బాగుండునని ఆమెకనిపించింది. అప్పుడు ఆ నిశ్శబ్దంలో ఎవరో చిన్నగా దగ్గారు. నాటకానికి దగ్గారో నిజంగానే దగ్గారో తెలియలేదు.

"నిదానంగా," అంది ఈలీన్, ఆమె చేతిలోంచి గుత్తి తీసుకుని. మూడోది తిరిగింది.

పిల్లలు కళ్ళు చికిలిస్తూ బయటికొచ్చారు. ఎలా ఉంది అని ఈలీన్ ఒక్కొక్కరినీ అడిగింది. భయమేసింది, చలేసింది, అమ్మ గుర్తొచ్చింది అన్నారు. అమృత వంతు వచ్చింది.

"నార్మల్," అంది. "వుయ్ హావ్ వన్ ఎట్ హోమ్. అది పికిల్స్ పెట్టుకునే రూమ్. ఇప్పుడు అందులో స్వీటీ అక్క ఉంటుంది. షి కాఫ్స్ టూ."

ఇద్దరు ముగ్గురు పిల్లలు నవ్వారు. మిస్ బ్రెన్నన్ నవ్వలేదు. ఆమె మొదట అమృతని చూసింది. తర్వాత తెల్ల ఏప్రన్‌లో, తాళం పక్కన నిలబడ్డ శ్యామలని చూసింది.

చివరగా అద్దాల బల్లలో తెరిచి ఉంచిన పాత రిజిస్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. పేరు, వయసు, వచ్చిన తేదీ, కారణం. చివరి గడి: ఎక్కడికి.

"కొందరికి అన్న ఇల్లు అని ఉంటుంది, కొందరికి ఫలానా పొలంలో పని అని. కొందరికి శ్మశానంలో నెంబరు," అంది ఈలీన్. "ఎల్లెన్ మార్ష్‌కి ఏమీ లేదు. ఫిబ్రవరిలో పంపించేశారు. పంపినవాళ్ళు ఎక్కడికో అడగలేదు, అందుకే రాయలేదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాం, ఇంకా దొరకలేదు. మీ అట్టమీద ఆ గడి మీరు నింపాలి. ఆలోచించి, ఇంటి దగ్గర రాసి, రేపు టీచరుకివ్వండి."

పన్నెండు దాటాక, తిరుగు ప్రయాణంలో మిస్ బ్రెన్నన్ వచ్చి శ్యామల పక్కన కూర్చుంది. చిన్న వయసే, ముప్పై దాటి ఉండవు. పిల్లల గోలలో ఎవరికీ వినపడకుండా, ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగింది.

"అమృత చెప్పింది నిజమేనా? కోల్డ్ రూమ్‌లో ఎవరైనా ఉంటున్నారా?"

"పిల్లలు ఏదో ఊహించుకుంటారు," అంది శ్యామల. "బేస్‌మెంట్‌లో స్టూడెంట్స్ ఉన్నారు. అది మాత్రం మా పచ్చళ్ళ గది."

"స్వీటీ ఎవరు?"

"ఆ స్టూడెంట్స్‌లో ఒకమ్మాయి."

"దగ్గుతోందా?"

"చలికాలం కదా. అందరూ దగ్గుతారు."

మిస్ బ్రెన్నన్ బ్యాగులోంచి చీటీ తీసి ఒక నెంబరు రాసింది. "మా నాన్న ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు," అంది. "కిటికీ లేక, మంటల్లో బయటపడే దారి దొరకని అలాంటి గదుల గురించి ఇంట్లో మాట్లాడేవారు కాదు. కానీ అలాంటి గదికి వెళ్ళొచ్చిన రోజు భోజనం చేసేవారు కాదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని నాకు లేదు. అయితే వినీ విననట్టు ఉండలేను. రేపు పొద్దున ప్రిన్సిపాల్‌తో చెప్పాలి. ఆ తర్వాత అది సిటీ అధికారులకి వెళ్తుంది. ఆ లోపల మీ జవాబు ఏమైనా మారితే ఈ నెంబరుకి చెయ్యండి."

చీటీ ఇచ్చి లేచి వెళ్ళిపోయింది.

శ్యామల చేతిలో చీటీ, రెండో చేతిలో ఫోను. కిటికీ అవతల పొలాలు తెల్లగా, ఎక్కడా మనిషి లేకుండా పోతున్నాయి. సిటీవాళ్ళు వస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. స్వీటీ ఒక్కతే కాదు, నలుగురూ ఖాళీ చెయ్యాలి. వీధిలో అందరికీ తెలుస్తుంది. ఆ రోజు ఇంటి నుంచే పని చేసుకుంటున్న భర్తకి మెసేజ్ టైపు చేసింది.

టీచర్‌కి స్వీటీ గది సంగతి తెలిసిపోయింది. రేపు సిటీకి చెప్తుందట. నేను వచ్చేలోగా ఏదో ఒకటి చేయండి.

అలవాటు ప్రకారం పంపేముందు ఒకసారి చదువుకుంది. తప్పుల్లేవు. పంపింది. వెంటనే రెండు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు.

బడి వదిలేదాకా ఉండి, అమృతతో ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది. వెలుతురు అప్పటికే పల్చబడుతోంది. పాండురంగ కారు డ్రైవ్‌వేలో ఉంది. బానెట్ మీద పడ్డ మంచు ఇంకా కరుగుతూనే ఉంది. ఇప్పుడే ఎక్కడికో వెళ్ళొచ్చాడు. పైన ఆఫీసు గదిలో మీటింగ్‌లో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది.

అమృత బూట్లు విప్పుతూ, "అమ్మా, పికిల్స్?" అంది.

డైనింగ్ టేబుల్ కింద ఏమీ లేదు. నాలుగు జాడీలు ఉన్నచోట నేల మీద నాలుగు గుండ్రటి నూనె మరకలు.

శ్యామల కోటు తియ్యకుండానే మెట్లు దిగింది. కోల్డ్ రూమ్ తలుపు బార్లా తీసి ఉంది. లైటు వేసింది. అరల మీద మాగాయ, ఆవకాయ, చింతకాయ, గోంగూర. వరుస తప్పు. ఆవకాయ మొదట ఉండాలి. సర్దబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది. పరుపు లేదు. సూట్‌కేసు లేదు. శాలువా లేదు. మధ్యాహ్నం బస్సులో తను చెప్పిన అబద్ధం, తను ఇంటికి చేరేలోగా నిజమై కూర్చుంది. అది మా పచ్చళ్ళ గది.

విక్స్ వాసన మాత్రం ఇంకా ఉంది. పైన గాలిగొట్టంలో, చలి రాకుండా కుక్కిన తువ్వాలు అలాగే ఉంది. గోడకున్న ప్లగ్‌లో ఫోన్ చార్జర్ వేలాడుతోంది.

వెనకాల తలుపు కిర్రుమంది. పక్కగది అమ్మాయి అన్నపూర్ణ. ఆ పిల్ల ఎప్పుడూ చేతులు పిండుకుంటూ మాట్లాడుతుంది.

"ఆంటీ, అంకుల్ ఒంటిగంటకి వచ్చి అరగంట టైం ఇచ్చిండు. స్వీటీకి ఒళ్ళు కాలిపోతుండె. నేనే బట్టలు సర్దిన. ఒక సూట్‌కేస్ నా గదిలనే ఉంది, మొయ్యలేకపోయింది."

"ఎక్కడికి?"

"బస్ టెర్మినల్ కాడ దింపుతనన్నడు. ముందు తానున్న సార్నియా ఊర్ల ఆమె కాలేజ్ ఫ్రెండ్ ఉందట. మీకు తెల్వదా?" అన్నపూర్ణ ఆమె ముఖంలోకి చూసింది. "మీరే చెయ్యమన్నరని చెప్పిండు."

శ్యామల ఫోన్ తీసి స్వీటీకి చేసింది. స్విచ్ఛాఫ్. మళ్ళీ చేసింది. చార్జర్ ఇక్కడ వేలాడుతోంది కదా అని అప్పుడు తోచింది. సార్నియాకి ఇక్కణ్ణుంచి రోజూ బస్సు ఉండదు. ఆ సంగతి స్వీటీయే ఒకసారి నవ్వుతూ చెప్పింది: "అక్కడ కారు లేకుంటే మనిషే కాదు ఆంటీ. అందుకే ఇటొచ్చిన."

ఆరున్నరకి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బయట చీకటి పడి, మంచు మళ్ళీ మొదలైంది. పాండురంగ కాళ్ళు బల్ల కింద పూర్తిగా చాపాడు. ఈసారి ఏమీ తగల్లేదు. అయినా వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"ఒక మాట చెప్పేస్తాను, ఇద్దరూ వినండి," అన్నాడు, అన్నం కలుపుతూ. "ఆ గదిలో ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. రేపు టీచరైనా, సిటీవాళ్ళైనా, ఎవరడిగినా అదే జవాబు. అమృతా, నీకు కూడా. ఓకే?"

అమృత ఒళ్ళోని అట్టముక్క తాడు వేలికి చుట్టుకుంది.

"సార్నియాకి ఈ రోజు బస్సుందా?" అంది శ్యామల.

"ఉంటుందిలే. లేకపోతే ఇక్కడి లండన్ ఊరి దాకా వెళ్ళి అక్కడ మారుతుంది. చిన్నపిల్లా ఏమన్నానా? ఇండియా నుంచి ఒక్కతే వచ్చింది."

"జ్వరం ఎంతుంది?"

"నేనేమన్నా థర్మామీటర్ పెట్టానా?"

"ఆ ఫ్రెండ్ పేరేంటి?"

"అడగలేదు." గొంతు కొంచెం పెరిగింది. "శ్యామలా, నువ్వే కదా ఏదో ఒకటి చెయ్యమన్నావ్? చేశాను. ఇప్పుడు నన్ను నిలదీస్తే ఎలా? మొదట్లో ఆ పిల్లని రోడ్డు మీద వదలకూడదని చోటిచ్చిందీ నేనే. ఎవరిచ్చారు చెప్పు, ఈ ఊళ్ళో?"

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అదే ఆమెకి భరించరాకుండా ఉంది. ఆ పేదల ఇల్లు నడిపినవాళ్ళు కూడా మంచిపనే అనుకున్నారని పొద్దున ఈలీన్ చెప్పినప్పుడు తను తల ఊపింది.

అమృత ఒళ్ళోంచి అట్టముక్క తీసి కంచం పక్కన పెట్టింది. తాడు మీద అప్పుడే పప్పు మరక పడింది. ఎల్లెన్ మార్ష్, పంతొమ్మిది. దాని కింద చివరి గడి ఖాళీగా ఉంది.

"రేపే ఇవ్వాలి," అంది. ఆ పిల్ల నాన్నవైపు చూడలేదు. తల్లినే చూస్తోంది. "వాట్ డు ఐ రైట్, అమ్మా? వేర్ డిడ్ షి గో?"

పాండురంగ, "అదేదో హోంవర్క్, తర్వాత..." అనబోయాడు.

శ్యామల ఎడమచేత్తో మెళ్ళో పిన్నీసు విప్పింది. చిన్న తాళంచెవి తీసి ఆవకాయ గిన్నె పక్కన పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు. బేస్‌మెంట్ తలుపు దగ్గరా, పొద్దున మంచాల మధ్యా విన్న గొంతే అది.

"ఒకసారే చెప్తాను. టీచరుకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను. ఆ గదిలో మూడు నెలలు ఒక మనిషి ఉండేదని చెప్తాను. కడిగి, సర్ది, అందులో పెట్టింది నేనేనని చెప్తాను. ఈ రోజు పంపించెయ్యడానికి మెసేజ్ పెట్టింది కూడా నేనేనని చెప్తాను. సిటీవాళ్ళు వస్తే రానివ్వండి. ఆ తర్వాత పోలీసులకి చేస్తాను. జ్వరంతో ఉన్న పిల్ల కనిపించడం లేదని. మీరు అన్నం తినెయ్యండి, కోటు వేసుకోండి. మీరు దింపిన టెర్మినల్ దగ్గర్నుంచే వెతకడం మొదలుపెడదాం. దొరికితే తిన్నగా ఈ పైకే తీసుకొస్తాను, అమృత గదిలోకి."

పాండురంగ ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ కంచంలో పెట్టేశాడు. జాలీలోంచి వేడిగాలి ఒక్కటే వస్తోంది. కింద ఎవరూ దగ్గడం లేదు.

"టెర్మినల్ దగ్గర కాదు," అన్నాడు, కంచంలోకి చూస్తూ. "ఆ పిల్ల అక్కడి దాకా రాలేదు."